తొమ్మిది వోల్టుల డైరీ

తాండూరు, 2025 మార్చి 11, మంగళవారం

ఒక ట్రాన్సిస్టర్, నాలుగు రెసిస్టర్లు, రెండు కండెన్సర్లు, ఒక వాల్యూం కంట్రోల్. 1968లో న్యూయార్క్‌లోని ఎలెక్ట్రో-హార్మోనిక్స్ కంపెనీ అమ్మిన ఎల్‌పీబీ-1 బూస్టర్‌లో ఉన్న సరుకు ఇంతే. గిటారుకూ ఆంప్లిఫయరుకూ నడుమ పెడితే మోత పెరుగుతుంది. ఇంకా తిప్పితే గొంతు బొంగురుపోతుంది. కొన్నవాళ్లు ఆ బొంగురు కోసమే కొన్నారు.

వికారాబాద్‌లో మా అన్న కొడుకు చర్చిలో గిటారు వాయిస్తాడు. "అత్తా, పెడల్ కొందామంటే వేలల్ల చెప్తున్నరు. మనమే చేద్దాం" అని సర్క్యూట్ గీసిన కాగితం చేతిలో పెట్టి పోయాడు. బొమ్మ కొత్తదేం కాదు. ఇంటర్ పిల్లలకు నేను ఏటా బోర్డు మీద గీసే కామన్ ఎమిటర్ ఆంప్లిఫయరే. ఇన్నేళ్లుగా గీస్తున్నా దాని చప్పుడు ఎట్లా ఉంటుందో నేనూ వినలేదు, పిల్లలూ వినలేదు.

తాండూరు, మార్చి 12, బుధవారం

గిటారు తగిలించే ముందు మీటరు తగిలించాను.

బేస్‌కు పైన 430 కె (కిలో ఓములు), కింద 43 కె. తొమ్మిది వోల్టుల్ని ఈ రెండూ పంచుకుంటే బేస్ దగ్గర 0.82 వోల్టు రావాలి. అందులో 0.6 సిలికాన్ జంక్షన్ తీసుకుంటుంది. మిగిలిన 0.22 ఎమిటర్ కింది 390 ఓముల మీద పడాలి. అంటే 0.56 మిల్లీ ఆంపియర్లు. అదే కరెంటు పైన 10 కె గుండా వస్తూ 5.6 వోల్టులు అక్కడే వదిలేస్తే, కలెక్టర్ దగ్గర 3.4 కనిపించాలి. మీటరు మాత్రం 4.8 అంటోంది.

తేడా బేస్ కరెంటుది. పుస్తకాల్లో "ఉపేక్షించవచ్చు" అని రాసే కరెంటు ఇది. నా దగ్గరున్న బీసీ547బీ గెయిన్ 300 దాకా ఉంది. దాని బేస్‌కు 1.4 మైక్రో ఆంపియర్లు చాలు. కానీ అవి వచ్చే దారిలో రెండు రెసిస్టర్లూ కలిసి 39 కె అడ్డం ఉంది. అక్కడ 0.055 వోల్టు పోతుంది. 0.22 కాస్తా 0.16కి దిగుతుంది. వోల్టులో ఇరవయ్యో వంతు ఇక్కడ పోతే కలెక్టర్ దగ్గర వోల్టున్నర తేడా వచ్చింది. ఉపేక్షించవచ్చా లేదా అన్నది ఎక్కడ నిలబడి కొలుస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

4.8 మంచి చోటే. పైకి 4.2 వోల్టులు, కిందికి సుమారు అంతే. అల ఊగడానికి రెండు వైపులా జాగా ఉంది.

వికారాబాద్, మార్చి 16, ఆదివారం

మేనల్లుడి ల్యాబ్ రికార్డు తిరగేశాను. బీటెక్ ఈసీఈ. బీసీ107, ఫంక్షన్ జనరేటర్, సీఆర్వో. ఇన్‌పుట్ 20 మిల్లీ వోల్టులు. ఫ్రీక్వెన్సీ మారుస్తూ అవుట్‌పుట్ రాసుకోవడం, డెసిబెల్స్‌లోకి మార్చడం, సెమీలాగ్ కాగితం మీద చుక్కలు కలిపి బ్యాండ్‌విడ్త్ తేల్చడం. చివర్లో జాగ్రత్తలు: అవుట్‌పుట్ తరంగం ఆకారం చెడితే ఇన్‌పుట్ తగ్గించాలి.

"మరి గిటారు ఎన్ని మిల్లీ వోల్టులు ఇస్తదిరా?"

"మెల్లగ మీటితే వంద. గట్టిగ కొడితే ఐదొందలు కూడ దాటుతది అత్తా."

ఈ స్టేజీ గెయిన్ సుమారు 20. 10 కెకు కింద 390 ఓములు, ఎమిటర్ లోపలి నిరోధం ఇంకో 60 ఓములు కలిపి భాగిస్తే 22. వాల్యూం కంట్రోల్ కొంచెం లాగేస్తుంది కనుక 20. వంద మిల్లీ వోల్టులు రెండు వోల్టులవుతాయి, అల ఆకారం చెడకుండా వస్తుంది. ఐదు వందలు పది వోల్టులు కావాలి. ఉన్నదే తొమ్మిది. పైన కలెక్టర్ బ్యాటరీని తాకి ఆగిపోతుంది, కింద ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకొని ఆగిపోతుంది. అల నెత్తీ పాదమూ తెగిపోతాయి. తెగిన చోట కొత్త స్వరాలు పుడతాయి: మీటిన స్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు.

ల్యాబ్ రికార్డు ఆగిపోయే చోట పెడల్ పని మొదలవుతుంది. గెయిన్ ఎంత అని ల్యాబ్ అడుగుతుంది. గెయిన్ అయిపోయాక ఏమవుతుందన్నది గిటారు అడిగే ప్రశ్న.

తాండూరు, మార్చి 20, గురువారం

బీసీ547లో మూడు రకాలు. ఏ అంటే గెయిన్ 110 నుంచి 220. బీ అంటే 200 నుంచి 450. సీ అంటే 420 నుంచి 800. సీ వేస్తే మోత రెండింతలు అవుతుందని అల్లుడి ఆశ.

అవ్వదు. సుమారు 100 ఉన్న నీరసపు ట్రాన్సిస్టర్ పెట్టి లెక్క కడితే స్టేజీ గెయిన్ 19. 300 ఉన్నదానికి 20. మోతలో తేడా చెవికి తెలియదు. మారేది విశ్రాంతి వోల్టేజి. వంద దానికి కలెక్టర్ 6.2 దగ్గర నిలుస్తుంది. ఇక పైకి 2.8 వోల్టులే జాగా, కిందికి మాత్రం ఆరు దాకా. గట్టిగా కొడితే పై వైపు ముందు తెగుతుంది. ఒక వైపే తెగితే రెట్టింపు స్వరం ముందుకొస్తుంది. రెండు వైపులా సమంగా తెగితే మూడింతలది.

ట్రాన్సిస్టర్ మార్చగానే "సౌండ్ మారింది" అని వాయించేవాళ్లు అంటుంటారు. నిజంగానే మారుతుంది. మారింది గెయిన్ కాదు, అల తెగే చోటు.

తాండూరు, మార్చి 21, శుక్రవారం

390 ఓముల పక్కన 100 మైక్రో ఫారడ్ కండెన్సర్ పెడితే గిటారు అలకు ఆ రెసిస్టర్ ఉన్నట్టే తెలియదు. అప్పుడు గెయిన్ తేల్చే లెక్క చిన్నది: కలెక్టర్ రెసిస్టర్ మీద పడ్డ వోల్టుల్ని 0.026తో భాగించాలి. 4.2 పడింది కనుక 160. ట్రాన్సిస్టర్ పేరుతో పని లేదు, దాని గెయిన్ అంకెతో పని లేదు. తొమ్మిది వోల్టుల బ్యాటరీతో, సగం దగ్గర నిలబెట్టిన ఏ స్టేజీకైనా ఇదే గరిష్ఠం, 170కి అటూ ఇటూ.

ఆ 0.026 గది వేడి దగ్గర ప్రకృతి ఇచ్చిన అంకె. దాన్ని ఏ కంపెనీ మార్చలేదు.

తాండూరు, మార్చి 25, మంగళవారం

గంజ్ వెనక సందులో చాచా రిపేరు దుకాణం. నాపరాయి పరిచిన అరుగు మీద పాత స్పీకర్లు, అహుజా మైక్ సెట్లు, మూలన ఒక ఈసీ టీవీ డబ్బా. హైదరాబాద్‌లో 1967లో ఏ.ఎస్. రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ చేసిన టీవీలు ఒకప్పుడు ఈ తాలూకాలో ఇంటింటికీ గొప్ప. ఇప్పుడు వాటి బోర్డుల నుంచి చాచా రెసిస్టర్లు ఊడదీస్తాడు.

మా పని సంగతి చెప్పాను. నవ్వాడు.

"ఏం బేటీ, ఉమ్రంతా నేను ఈ గర్‌గర్ తీసేసుడే పని. మజీదు మైకుల గర్‌గర్, పెండ్లిల గర్‌గర్, జాతరల గర్‌గర్. ఇప్పుడు నువ్వొచ్చి గర్‌గర్ పెట్టుమంటున్నవ్."

అన్నాడే గానీ బిస్కెట్ డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించాడు. పాత రేడియోల నుంచి తీసిన జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వెండి రంగు పోయి నల్లబడిన ఏసీ128లు. కొన్నిటి మీద బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ గుర్తు ఇంకా చదవగలం. ఆ సంస్థ 1962లో జెర్మేనియం సరుకు చేయడం మొదలుపెట్టింది. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ చేసిన ఫజ్ ఫేస్ పెడల్‌కు ఇవే కావాలని గిటారు లోకమంతా వెతుకుతుంది. తాండూరులో అవి బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి.

తాండూరు, మార్చి 27, గురువారం

జెర్మేనియాన్ని మామూలు మీటరులో గుచ్చి గెయిన్ చదవకూడదు. అది బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కారుతుంది. ఆ కారుడును కూడా మీటరు గెయిన్ అనే అనుకుంటుంది.

దీనికి పెడల్ చేసేవాళ్లలో వాడుకలో ఉన్న ఉపాయం ఉంది. తొమ్మిది వోల్టులు, కలెక్టర్ దారిలో 2.47 కె, బేస్‌కు 2.2 మెగ్. బేస్ తీగ విప్పి 2.47 కె మీద వోల్టేజి చూడాలి. 0.25 వచ్చిందనుకుందాం. అంటే పదో వంతు మిల్లీ ఆంపియర్ కారుతోంది. బేస్ తీగ కలిపితే 1.05 చూపించింది. వందతో హెచ్చిస్తే 105. అందులో 25 కారుడుది, అసలు గెయిన్ 80. ఫజ్ ఫేస్‌లో మొదటి స్థానానికి 80 సరిగ్గా సరిపోతుంది.

డబ్బాలో సగం దీనికి పనికిరావు. చాచా వాటిని పారేయలేదు, వేరే డబ్బాలో వేశాడు.

హైదరాబాద్, ఏప్రిల్ 5, శనివారం

కోఠి, గుజరాతీ గల్లీ. బీసీ547 రెండు మూడు రూపాయలు. కాలితో తొక్కే స్విచ్‌కు మాత్రం వందకు పైగానే. పెడల్‌లో ట్రాన్సిస్టర్ అన్నిటికంటే చవకైన వస్తువు. డబ్బా, స్విచ్, జాక్‌లు కలిపితేనే ఖర్చు.

బీఎఫ్‌డబ్ల్యూ10 అడిగితే దుకాణదారు మొహం చూడకుండానే "ఏ కాలేజీ?" అన్నాడు. ఈ నాలుగు కాళ్ల ఫెట్‌ను మన దగ్గర ఇంజనీరింగ్ ల్యాబులు తప్ప పెద్దగా ఎవరూ కొనరు.

తాండూరు, ఏప్రిల్ 8, మంగళవారం

ఫజ్ ఫేస్ సర్క్యూట్ కాగితం చూసి చాచా వెంటనే గుర్తుపట్టాడు. "ఇది టేప్ రికార్డర్ల ప్రీయాంపే గదా. హెడ్డు దగ్గర ఇట్లనే రెండు ఉంటుండె."

మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ నేరుగా రెండోదాని బేస్‌కు. నడుమ కండెన్సర్ లేదు. రెండోదాని ఎమిటర్ నుంచి 100 కె వెనక్కి వచ్చి మొదటిదాని బేస్‌ను నిలబెడుతుంది. రెండోది ఎక్కువ కరెంటు తీస్తే మొదటిదానికి ఎక్కువ అందుతుంది, మొదటిది కిందికి లాగి రెండోదాన్ని తగ్గిస్తుంది. ఒకదాన్నొకటి కాచుకుంటాయి. రెండోదాని కలెక్టర్ 4.5 దగ్గర నిలిస్తే పని బాగున్నట్టు. ఏసీ128 పీఎన్‌పీ కనుక అన్నీ మైనస్‌లో చదవాలి.

ఆ 100 కె ఇంకో పని కూడా చేస్తుంది. గిటారు మీద వాల్యూం కాస్త తగ్గిస్తే తీగకూ బేస్‌కూ నడుమ నిరోధం పెరుగుతుంది, వెనక్కి వచ్చే ఆ పాయకు బలం పెరుగుతుంది, గరగర పోయి స్వరం తేటపడుతుంది. పెడల్‌ను ముట్టుకోకుండా గిటారు బిళ్ల తిప్పితే చాలు. అంటే గిటారు కూడా సర్క్యూట్‌లో భాగమే. కాగితం మీద ఆ భాగం గీయరు.

వికారాబాద్, ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. తెల్లవారుజామునే ఆరాధన. ఎలక్ట్రిక్ గిటారు అల్లుడిది ఒక్కటే. మిగతావాళ్లవి డబ్బా గిటార్లు, లోపల బజర్ బిళ్ల అంటించి వైరు బయటికి తీసినవి. మొన్న ఎల్‌పీబీ వాటికి పెడితే రేకు డబ్బా మోత వచ్చిందని పిల్లలు చెప్పారు.

బజర్ బిళ్ల అంటే విద్యుత్తు లెక్కలో చిన్న కండెన్సర్. సుమారు 20 నానో ఫారడ్లు. మన స్టేజీ లోపలికి చూస్తే 30 కె కనిపిస్తుంది. ఆ రెండూ కలిస్తే 265 హెర్ట్జ్ కింద ఉన్నదంతా సన్నబడుతుంది. గిటారు వదిలిన తీగలు 82, 110, 147, 196, 247, 330. ఆరింట్లో ఐదు ఆ గీత కిందే. మోతకు కడుపు లేకుండా పోవడానికి కారణం ఇదే.

అల్లుడి గిటారుకూ ఇదే రోగం, ఇంకో వైపు నుంచి. అయస్కాంతం పికప్ వేల చుట్ల తీగ. మూడు హెన్రీలనుకుంటే 3 కిలో హెర్ట్జ్ దగ్గర దాని అడ్డు 56 కె. ఎదురుగా 30 కె పెడితే పైస్వరాలు చచ్చిపోతాయి. డబ్బా గిటారుకు కడుపు పోయింది, దీనికి మెరుపు పోయింది.

చాచా మాటల్లో, బక్క ఎద్దుకు బండల బండి కట్టడం.

మందు బీఎఫ్‌డబ్ల్యూ10. గేటు నుంచి గ్రౌండుకు 1 మెగ్, సోర్స్ కింద 10 కె. గేటు సున్నా దగ్గరే ఉన్నా సోర్స్ తనంతట తాను నాలుగు వోల్టుల దాకా లేచి నిలబడింది. గెయిన్ ఒకటి కంటే తక్కువ. ల్యాబ్ రికార్డులో ఇలాంటి అంకె చూస్తే మార్కులు కోస్తారేమో. కానీ బిళ్లకు ఇప్పుడు గీత 8 హెర్ట్జ్ దగ్గర. ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్‌లోనూ మొదటి ట్రాన్సిస్టర్ పెంచేది ఏమీ లేదు, తీగ మీద బరువు పడకుండా చూడటమే దాని పని.

తాండూరు, ఏప్రిల్ 28, సోమవారం

ఎండ నలభై దాటింది. చాచా దుకాణం పైకప్పు రేకులు. పొద్దున ఫజ్ ఫేస్ రెండో కలెక్టర్ 4.6. మధ్యాహ్నం అదే బల్ల మీద 7.9. గిటారు గట్టిగా కొడితేనే పలుకుతోంది, అదీ చిరిగిన గుడ్డలా, సన్నటి స్వరం అసలు రావడం లేదు.

జెర్మేనియం కారుడు పది డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర పదో వంతు మిల్లీ ఆంపియర్ ఉంటే 43 దగ్గర దానికి మూడున్నర రెట్లు. మొదటి ట్రాన్సిస్టర్ మొత్తం నడిచేదే పావు మిల్లీ ఆంపియర్‌తో. అంటే దానికి కావలసినదానికంటే కారేదే ఎక్కువ. ఇక వెనక నుంచి వచ్చే 100 కె ఎంత తగ్గించినా లాభం లేదు. మొదటిది తెరుచుకొనే ఉంటుంది, రెండోది మూతపడుతుంది, దాని కలెక్టర్ బ్యాటరీ వైపు జరిగిపోతుంది.

ఈ సర్క్యూట్ గీసినవాళ్లు లండన్‌లో ఉన్నారు. వాళ్ల ఎండాకాలం మనకు సంక్రాంతి.

చాచా టేబుల్ ఫ్యాన్ ఇటు తిప్పాడు. పెడల్ వైపు.

వికారాబాద్, మే 3, శనివారం

అనంతగిరి గుట్ట మీద పొద్దున్నే, మూసీ పుట్టే చోటికి పైన. పెడల్, బ్యాటరీ, మీటరు సంచీలో. అల్లుడు చిన్న బ్యాటరీ ఆంప్లిఫయర్ మోసుకొచ్చాడు. క్షయ రోగులకు ఈ గాలి మంచిదనే ఇక్కడ శానటోరియం కట్టారు. జెర్మేనియానికీ మంచిదే. రెండో కలెక్టర్ 4.7.

సిలికాన్ ఎల్‌పీబీ కూడా పక్కన పెట్టి చూశాం. సిలికాన్ జంక్షన్ డిగ్రీకి రెండు మిల్లీ వోల్టులు దిగుతుంది. ఇరవై డిగ్రీల తేడాకు 40 మిల్లీ వోల్టులు. ఎమిటర్ కింద ఆ 390 ఓములు ఉండటం వల్ల అది కరెంటులో ఆరో వంతుకు మించి మార్చలేదు. గుట్ట మీద 4.8, తాండూరు రేకుల కింద నాలుగు. పాట మారదు.

"అట్లయితే జెర్మేనియం ఎందుకత్తా?"

మెల్లగా మీటి చూడమన్నాను. సిలికాన్‌లో అల ఒక్కసారిగా తెగుతుంది, జెర్మేనియంలో వంగి వంగి తెగుతుంది. వాడు చాలాసేపు మీటుతూనే ఉన్నాడు. రెండో ప్రశ్న అడగలేదు.

వికారాబాద్, మే 18, ఆదివారం

పూడూరు మండలం దామగుండం అడవిలో నేవీ వీఎల్ఎఫ్ రేడియో స్టేషన్ గురించి మళ్లీ ఇంట్లో వాదన. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. సముద్రంలో మునిగి ఉన్న జలాంతర్గాములతో మాట్లాడటానికి తిరునెల్వేలి తర్వాత దేశంలో రెండోది. చెట్ల సంగతి అన్న అడుగుతాడు, దేశం సంగతి వదిన చెబుతుంది.

నాకు అంకెలు గుర్తొస్తాయి. వీఎల్ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలో హెర్ట్జ్. మన చెవి 20 కిలో హెర్ట్జ్ దాకా. గాలిలో శబ్దం వేరు, రేడియో అల వేరు. కానీ పెడల్‌లోని రాగి తీగకు రెండూ ఒకటే రకం ఊపు.

చాచా చెప్పిన మాట: పాత మైక్ సెట్లలో 738 కిలో హెర్ట్జ్ హైదరాబాద్ కేంద్రం దానంతటదే పలికేదట, పెళ్లి మంత్రాల నడుమ వార్తలు. బేస్-ఎమిటర్ జంక్షన్ డయోడే కదా, రేడియో అలను తనే విప్పేస్తుంది. బేస్ ముందు 10 కె, బేస్ నుంచి గ్రౌండుకు 100 పికో ఫారడ్లు పెట్టాం. గిటారు అలకు దాంతో పని లేదు, రేడియోకు మాత్రం దారి మూసుకుంటుంది.

తాండూరు, జూన్ 10, మంగళవారం

కాలేజీ తెరిచారు. మా వీధి చివర నాపరాళ్ల పాలిషింగ్ మిషన్లు కూడా పూర్తిగా నడుస్తున్నాయి. బ్యాటరీ తీసి అడాప్టర్ పెట్టగానే పెడల్ నిండా "హూం".

కరెంటు 50 హెర్ట్జ్. డయోడ్లు దాన్ని మడిచాక మిగిలే అల 100. గిటారు కింది తీగ మూడో మెట్టు మీద పలికే స్వరం 98. ఆ రెండూ పక్కపక్కనే ఉంటే సెకనుకు రెండుసార్లు ఊగుతాయి. జీ కార్డు పట్టినప్పుడల్లా మోత ఎందుకు ఊగుతోందని అల్లుడు ఫోన్‌లో అడిగాడు. ఇదే సంగతి.

సరఫరా దారిలో 100 ఓములు, దాని వెనక 100 మైక్రో ఫారడ్లు. గీత 16 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, 100 దగ్గర హూం ఆరో వంతుకు తగ్గుతుంది. ఖర్చు పది రూపాయల లోపు. స్టేజీకి బ్యాటరీ కూడా ఒక ఇన్‌పుట్టే.

తాండూరు, జూన్ 24, మంగళవారం

చాచాకు ఒక కథ చెప్పాను. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఒక చానల్ పాడై, గ్రేడీ మార్టిన్ బేస్ గిటారు గరగరమంది. పారేయకుండా అట్లే ఉంచారు. పాట 1961లో జనంలోకి పోయింది. ఆ మోత మళ్లీ కావాలని అందరూ అడిగితే ఇంజనీర్ గ్లెన్ స్నాడీ ట్రాన్సిస్టర్లతో దాన్ని కావాలని పుట్టించాడు. గిబ్సన్ కంపెనీ 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మింది. మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, మూడు వోల్టులు.

చాచా తల ఊపాడు. "రిపేర్‌కు తెచ్చి ఉంటే నేను బాగు చేసి ఇస్తుంటి."

తాండూరు, జూలై 9, బుధవారం

బిగ్ మఫ్ అనే ఇంకో పెడల్. నాలుగు ట్రాన్సిస్టర్లు. నాలుగూ దాదాపు ఒకే బొమ్మ, అందుకే మొదట విసుగ్గా కనిపిస్తుంది. పని మాత్రం అన్నిటిదీ ఒకటి కాదు.

మొదటిది పెంచుతుంది. దాని తర్వాత సస్టైన్ కంట్రోల్, ఎంత ముందుకు పంపాలో అక్కడ తేలుతుంది. రెండోది, మూడోది తెంచుతాయి. వాటి కలెక్టర్ నుంచి బేస్‌కు 1ఎన్4148 డయోడ్లు ఎదురెదురుగా ఉంటాయి కనుక అల అరవోల్టు దాటగానే అవి కలుగజేసుకుని ఆపుతాయి. బ్యాటరీని తాకేదాకా పోనివ్వవు. ఆ తర్వాత టోన్ కంట్రోల్, అక్కడ చాలా భాగం పోతుంది. నాలుగోది ఆ పోయినదాన్ని తెచ్చిపెడుతుంది.

మొదటి మూడు స్టేజీల్లో కలెక్టర్ నుంచి బేస్‌కు ఒక 470 కె ఉంది. కలెక్టర్ పైకి లేస్తే బేస్‌కు ఎక్కువ అందుతుంది, మళ్లీ కిందికొస్తుంది. ఏసీ128 తిప్పలు లేవు. బీసీ547లలో చేతికి ఏది దొరికితే అది పెట్టాం. నాలుగు కలెక్టర్లూ సగం దగ్గరికే వచ్చి నిలిచాయి.

ఒక్కో స్టేజీని విడదీసి గిటారు పెట్టి విన్నాం. విడిగా ఏదీ బిగ్ మఫ్‌లా లేదు. రెండోది తెంచిన అలను మూడోది మళ్లీ పెంచి మళ్లీ తెంచితేనే ఆ మందం. స్టేజీ అంటే ట్రాన్సిస్టర్ ఒక్కటే కాదని పాఠంలో చెప్పడం తేలిక. విడదీసి వింటే చెవికే తెలుస్తుంది.

వికారాబాద్, ఆగస్టు 3, ఆదివారం

అల్లుడు ఆరాధనలో బిగ్ మఫ్ వాడాడు. పెద్దల భయం అల్లుడికి ఉంది. సస్టైన్ సగం, టోన్ కిందికి, వాల్యూం కీబోర్డు కంటే తక్కువ. ఒక్కొక్క తీగ మీద పొడుగు స్వరాలు.

తీగ మోత మీటిన క్షణం నుంచి తగ్గుతూ పోతుంది. కానీ డయోడ్లు అరవోల్టు దగ్గరే ఆపేస్తున్నాయి కనుక తీగ ఆ గీత కిందికి దిగేదాకా బయటికి వచ్చే మోత తగ్గదు. ముందు ఎంత పెంచితే అంతసేపు ఆ గీత పైనే ఉంటుంది. అదే సస్టైన్.

ఆరాధన అయ్యాక ముందు వరసలో కూచునే ఒక అవ్వ అడిగింది: "ఫిడేలు ఎవరు గొట్టిన్రు బిడ్డా?"

ధారూరు జాతరకు ఇంకా సమయం ఉంది. ఏటా నవంబరులో మెథడిస్టులందరూ అక్కడికి చేరతారు. అక్కడ జనరేటర్ కరెంటు, కొస కనిపించనంత స్పీకర్ వైర్లు. ఈ పెడల్‌కు అసలు పరీక్ష అక్కడ ఉంటుంది. హూం ఫిల్టర్ ఇంకోటి పెట్టాలి.

తాండూరు, ఆగస్టు 19, మంగళవారం

కాలేజీ ల్యాబులో ట్రాన్సిస్టర్ ప్రాక్టికల్ అయ్యాక పిల్లల్ని ఆపి ఎల్‌పీబీ బోర్డు, చిన్న స్పీకర్ డబ్బా బల్ల మీద పెట్టాను. గిటారు అల్లుడిది. మెల్లగా మీటాను: పెద్దదైన అదే స్వరం. ఎమిటర్ కింద కండెన్సర్ కలిపి మళ్లీ మీటాను. స్పీకర్ చీలిపోయినట్టు అరిచింది. వెనక బెంచీవాళ్లు ముందుకొచ్చారు.

బోర్డు మీద 4.8 అని రాసి, దాని పైన తొమ్మిది, కింద సున్నా గీశాను. అల ఎక్కడ తెగుతుందో వాళ్లనే గీయమన్నాను. తెగిన బొమ్మ పిల్లలు సరిగ్గానే గీశారు. ఒకమ్మాయి అల మీది అంచు కత్తిరించినట్టు గీసి, కింది అంచు కొంచెం గుండ్రంగా గీసింది. ఎందుకట్లా గీశావంటే, "వింటే అట్లనే అనిపించింది మేడం" అంది. వచ్చే వారం పొరుగు డిగ్రీ కాలేజీ నుంచి సీఆర్వో అడిగి తెస్తాను. ఆ గుండ్రం నిజంగా ఉందేమో చూడాలి.

"మేడం, ఇది మార్కులకొస్తదా?"

"రాదు."

రాదన్నాక వెళ్లిపోతారనుకున్నాను. ఒకడు మాత్రం కండెన్సర్ తీసి చేతిలో పట్టుకొని, ఇంతకంటే చిన్నది పెడితే ఏమవుతుందని అడిగాడు. కింది స్వరాలు తెగవు, పైవే తెగుతాయని చెప్పబోయి ఆగాను. డబ్బాలోంచి 0.1 మైక్రో ఫారడ్ తీసి వాడికి ఇచ్చాను.